కంప్యూటర్ బూట్ కాకపోతే ముందు ఫైళ్లు, ఆ తర్వాతే విండోస్

పవర్ బటన్ నొక్కుతారు, విండోస్ రాదు. నల్ల తెర మీద రెండు లైన్ల ఇంగ్లీషు కనిపిస్తుంది, లేదంటే నీలం తెర, లేదంటే అరగంటైనా ఆగని చుక్కల చక్రం. ఫోటోలన్నీ పోయాయేమోనని గుండె గుభేల్మంటుంది. తాళం మొరాయించినంత మాత్రాన ఇంట్లో సామాను పోయినట్టు కాదు కదా, ఇదీ అంతే. 2024 జులై 19న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారమే 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర దగ్గర ఆగిపోయాయి. వాటిలో ఫైళ్లు నిక్షేపంగా ఉన్నాయి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ అప్‌డేట్ తెచ్చిన ఒక్క ఫైలు తీసేస్తే మళ్లీ లేచాయి. చాలాచోట్ల ఆలస్యమైంది బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) కీ వెతుక్కోవడం దగ్గరే.

ఫైళ్లు నిజంగా పోయేది ఆ తర్వాత, మనం కంగారులో చేసే రిపేర్ల వల్ల. చావు బతుకుల్లో ఉన్న డిస్క్ మీద ఛెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ లోపాలు సరిచేసే ప్రోగ్రామ్) నడపడం, పార్టిషన్లు డిలీట్ చేసి విండోస్ ఎక్కించడం, 'ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి' అన్న కిటికీలో గబుక్కున ఓకే నొక్కడం లాంటివి. అందుకే ఒకటే నియమం పెట్టుకోండి: ఫైళ్ల కాపీ ఇంకో డిస్క్ మీదికి చేరేదాకా పాత డిస్క్ మీద ఒక్క బైటు కూడా రాయకూడదు.

ఎక్కడ ఆగింది?

బటన్ నొక్కినా ఫ్యాన్ కూడా తిరగకపోతే గొడవ కరెంటుది. డెస్క్‌టాప్ అయితే ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) వెనక స్విచ్, పవర్ కేబుల్ చూడండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టి, ఛార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. ఇందులో డిస్క్‌కు సంబంధమే లేదు. ఫైళ్లు మాత్రమే కావాలంటే డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించుకోవచ్చు.

ఫ్యాన్ తిరుగుతుంది కానీ తెర నల్లగానే ఉంటే మొదటి అనుమానం ర్యామ్. పవర్ పూర్తిగా తీసేసి, స్టిక్కులు ఊడదీసి, బంగారు రంగు పళ్లను మెత్తటి రబ్బరుతో తుడిచి, ఒక్క స్టిక్కే పెట్టి చూడండి. స్టిక్ సరిగా కూర్చుంటే రెండు పక్కల క్లిప్పులూ వాటంతట అవే పడతాయి. ఒక పక్కే క్లిప్పు ఉన్న బోర్డులూ ఉంటాయి, అక్కడ రెండో కొస పూర్తిగా దిగిందో లేదో కంటితోనే చూసుకోవాలి.

బూట్ డివైస్ లేదన్న మెసేజ్ వస్తే, తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు, ప్రింటర్ కేబుల్ అన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. నవ్వొచ్చినా సరే, ఇది చాలాసార్లు పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావాలని చూసి, అందులో ఏమీ లేక యంత్రం అక్కడే నిలబడిపోతుంది. అది కాకపోతే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్లండి. ఎఫ్2 గానీ డిలీట్ కీ గానీ, హెచ్‌పీ అయితే ఎఫ్10. అక్కడ డిస్క్ పేరు కనబడుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. కనబడకపోతే డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి, ఇంకో పోర్టులో పెట్టి, ఎం.2 ఎస్ఎస్‌డీ అయితే ఊడదీసి మళ్లీ స్క్రూ బిగించి చూడాలి.

పేరు కనబడుతున్నా బూట్ కాకపోతే తేదీ చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయిందంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. అది 3 వోల్టులది. అది పోయినప్పుడు బయోస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీలో ఉన్నట్టు మారిపోతాయి. మామూలుగా మారేవి రెండు. ఒకటి యూఈఎఫ్ఐ, లెగసీ (బూట్ అయ్యే కొత్త, పాత పద్ధతులు) ఎంపిక. జీపీటీ, ఎంబీఆర్ అనేవి డిస్క్‌ను భాగాలు చేసే కొత్త, పాత పద్ధతులు: జీపీటీ డిస్క్ మీద ఎక్కించిన విండోస్ యూఈఎఫ్ఐలోనే లేస్తుంది, ఎంబీఆర్ డిస్క్ మీదిది లెగసీలోనే. రెండోది సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే తీరు: ఏహెచ్‌సీఐ ఉండాల్సిన చోట రెయిడ్ అయినా, అటుది ఇటైనా విండోస్ సగం లేచి 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలం తెర చూపిస్తుంది. ఈ రెంటికీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు. బ్యాటరీ మార్చి, సెట్టింగ్ వెనక్కి తిప్పితే చాలు.

విండోస్ లోగో దాకా వచ్చి ఆగితే కోడ్ రాసుకోండి. 0ఎక్స్‌సీ000000ఎఫ్, 0ఎక్స్‌సీ0000225 లాంటివి బూట్ కాన్ఫిగరేషన్‌లో లోపం చెబుతాయి, డిస్క్ బాగానే ఉండొచ్చు. 'అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్' అంటే ఫైల్‌సిస్టమ్ దెబ్బతిన్నదని, అప్పుడు డిస్క్ ఆరోగ్యం మీద కన్నేయాలి. ఇంకో రకం ఉంది, ఆన్ చేసిన ప్రతిసారీ కొత్త కోడ్. ఇలా పూటకో మాట మాట్లాడే యంత్రంలో ర్యామ్ చెడి ఉండే అవకాశం ఎక్కువ. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కాపీ చేసే ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే వెళ్తుంది కాబట్టి, చెడ్డ ర్యామ్‌తో కాపీ చేస్తే ఎర్రర్ ఏమీ రాకుండానే ఫైళ్లు పాడవుతాయి. ముందు మెమ్‌టెస్ట్86 నడిపి చూడండి, లేదా డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి అక్కడ కాపీ చేయండి.

చేతిలో ఉండాల్సినవి

పనిచేసే ఇంకో కంప్యూటర్, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు, ఫైళ్లన్నీ పట్టే ఎక్స్‌టర్నల్ డిస్క్. ఒక పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఇన్‌స్టలేషన్ చేసుకోండి. రెండో దాని మీద రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఉబుంటు (విండోస్ లాంటిదే, లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్). పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయని వేరే చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను. బూట్ మెనూ కీ డెల్, లెనోవోల్లో మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసస్ ల్యాప్‌టాప్‌లో ఎస్కేప్, ఎంఎస్ఐలో ఎఫ్11.

ఊడదీసిన డిస్క్ తగిలించడానికి అడాప్టర్ కొనేటప్పుడు ఏది కొంటున్నారో చూసుకోండి. ల్యాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల డిస్క్ యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులతో తిరుగుతుంది. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల దానికి 12 వోల్టులు కూడా కావాలి, అంటే విడిగా పవర్ అడాప్టర్ ఉన్న డాక్ తీసుకోవాలి. ఎం.2 ఎస్ఎస్‌డీలు చూడ్డానికి ఒకేలా ఉన్నా సాటా రకం వేరు, ఎన్‌వీఎంఈ రకం వేరు. ఒకదాని ఎన్‌క్లోజర్‌లో ఇంకోటి కనబడదు, డిస్క్ చచ్చిపోయిందని అనవసరంగా బెంగపడతారు.

విండోస్ 11 వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఇదీ బిట్‌లాకర్ తాళమే) దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. యజమానికి ఆ సంగతి కూడా తెలియదు. అలాంటి డిస్క్‌ను ఎక్కడ తగిలించినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసి ఉంటే ఆ అకౌంట్ పేజీలో డివైసుల కింద కీ ఉంటుంది. ఒకటికి మించి కీలు కనబడితే, తెర మీద అడుగుతున్న కీ ఐడీ మొదటి 8 అక్షరాలు దేనితో కలుస్తాయో అదే మీది. కీ చేతికి వచ్చేదాకా బయోస్‌లో సెక్యూర్ బూట్ మార్చడం, బయోస్ అప్‌డేట్ చేయడం, ముఖ్యంగా టీపీఎం (కీలు దాచే చిప్) క్లియర్ చేయడం వద్దు. అప్పటిదాకా అడగని కీని అది చేశాక అడుగుతుంది. ఆ కీ లేకపోతే డిస్క్‌లో ఉన్నవి ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రావు.

డిస్క్ నాడి చూడటం

హార్డ్ డిస్క్ టిక్ టిక్ మని లయగా కొట్టుకుంటుంటే వెంటనే ఆఫ్ చేయండి. లోపలి హెడ్ దెబ్బతిన్న గుర్తు అది. తిరిగే ప్రతి నిమిషం ప్లేటర్‌ను (డేటా ఉండే పలకను) ఇంకాస్త గీకుతుంది. ఫ్రీజర్‌లో పెట్టడం, మూత తెరిచి చూడటం లాంటి చిట్కాలు నమ్మొద్దు. ఫ్రీజర్‌లోంచి తీసిన డిస్క్ లోపల తేమ పడుతుంది. ఇది క్లీన్‌రూమ్ ఉన్న డేటా రికవరీ ల్యాబ్ చేసే పని.

శబ్దం లేకపోతే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా 'ట్రై' ఎంచుకోండి. డిస్క్స్ అనే యాప్‌లో స్మార్ట్ డేటా, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు, కనబడుతుంది. డిస్క్‌ను వేరే విండోస్‌కు తగిలిస్తే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో చాలు. హార్డ్ డిస్క్‌లో నేను మొదట చూడమనేది మూడు అంకెలు: 5 అంటే ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు, 197 అంటే చదవలేక ఊగిసలాడుతున్నవి, 198 అంటే ఇక చదవలేనివి. 197 ఎదురుగా సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా కాపీ పని వాయిదా వేయకండి. 199 పెరిగి ఉంటే మాత్రం భయం లేదు, అది సాధారణంగా కేబుల్ లోపం. ఎస్ఎస్‌డీలు ఇలా ముందుగా మూలగవు. నిన్నటిదాకా బాగుండి ఇవాళ బయోస్‌లో కనబడటం మానేస్తాయి.

స్మార్ట్ బాగుంటే ఫైల్ మేనేజర్‌లోనే విండోస్ పార్టిషన్ తెరిచి యూజర్స్ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి లాగేయండి. విండోస్ నిద్రాణ స్థితిలో ఉందని, చదవడానికి మాత్రమే తెరుస్తున్నానని లినక్స్ అంటే ఖంగారు వద్దు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న విండోస్ షట్‌డౌన్ అయినా పూర్తిగా మూసుకోదు, అందుకే ఆ మాట. మనకు కావాల్సిందీ చదవడమే. ఆ హైబర్నేషన్ ఫైలు తొలగించమనే సలహాలు మాత్రం పాటించకండి. ఒకవేళ లినక్స్‌లో ఎన్‌వీఎంఈ డిస్క్ అసలే కనబడకపోతే బయోస్‌లో ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ (డిస్క్‌ను ఇంటెల్ డ్రైవర్ ద్వారానే చూపించే సెట్టింగ్) ఆన్‌లో ఉండొచ్చు. దాన్ని ఆపి కాపీ చేసుకోవచ్చు, కానీ పని కాగానే మళ్లీ ఆన్ చేయాలి, లేకపోతే విండోస్ లేవదు.

స్మార్ట్ బాగోలేకపోతే ఫైళ్లు ఒక్కొక్కటీ లాగడం తప్పు పద్ధతి. చదవలేని సెక్టార్ తగిలినప్పుడల్లా డిస్క్ అక్కడే గింజుకుంటుంది, ఆ గింజులాటలోనే చస్తుంది. డిస్క్ మొత్తాన్నీ ఒకే పెద్ద ఫైలుగా (దాన్నే ఇమేజ్ అంటారు) కాపీ చేసే డీడీరెస్క్యూ దీనికోసమే ఉంది. ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, కమాండ్ మాత్రం డీడీరెస్క్యూ. ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి ఏ డిస్క్ ఏదో సైజును బట్టి గుర్తుపట్టండి. ఆ తర్వాత, చెడిపోయిన డిస్క్ ఎస్‌డీఏ, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఇమేజ్ పెట్టే ఫోల్డర్ తెరిచి ఉందనుకుంటే, కమాండ్ వరస ఇది. పలికే తీరున రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో:

సుడో డీడీరెస్క్యూ -డి -ఎన్ /డెవ్/ఎస్‌డీఏ డిస్క్.ఐఎంజీ డిస్క్.మ్యాప్

ముందు రాసేది చెడ్డ డిస్క్, తర్వాతది ఇమేజ్. రెండో చోట పొరపాటున ఇంకో డిస్క్ పేరు రాసి, -ఎఫ్ కూడా పెడితే ఈ ప్రోగ్రామ్ దాన్ని చెరిపేయగలదు, ఎంటర్ కొట్టేముందు రెండుసార్లు చదవండి. -ఎన్ పెట్టడం వల్ల తేలిగ్గా వచ్చేదంతా ముందు తోడేస్తుంది, మొండి చోట్లను గీకకుండా వదిలేస్తుంది. అది ముగిశాక -ఎన్ తీసేసి -ఆర్3 పెట్టి అదే కమాండ్ మళ్లీ ఇస్తే, మిగిలిపోయిన చోట్లను మాత్రమే మూడేసిసార్లు ప్రయత్నిస్తుంది. మ్యాప్ ఫైలు ఉన్నంతవరకు మధ్యలో ఆపినా, కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ఇమేజ్ పెట్టే చోట పూర్తి డిస్క్ సైజు అంత ఖాళీ ఉండాలి, వాడింది 60 జీబీయే అయినా 500 జీబీ డిస్క్‌కు 500 జీబీ కావాలి. సెకనుకు 100 ఎంబీ వేగం ఉంటే 500 జీబీకి గంటన్నర లోపే. యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే నాలుగు గంటల పని.

లినక్స్ లేకుండా కాపీ

విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి తెర మీదే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మీకు తెలిసినవి కావు. ఎక్స్ అనేది మెమరీలో నడుస్తున్న తాత్కాలిక విండోస్, మీ సి డ్రైవ్ ఇక్కడ డి కావచ్చు. నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి, ఫైల్, ఓపెన్ నొక్కి, కింద 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే ఆ కిటికీయే చిన్న ఫైల్ మేనేజర్‌లా పనిచేస్తుంది. ఏ అక్షరం ఏదో చూసుకోవచ్చు, రైట్ క్లిక్‌తో ఒకటి రెండు ఫోల్డర్లు కాపీ కూడా చేయొచ్చు. పెద్ద కాపీకి మాత్రం రోబోకాపీయే మేలు:

రోబోకాపీ డి:\యూజర్స్ ఈ:\పాతవి /ఈ /ఎక్స్‌జే /ఆర్:1 /డబ్ల్యూ:1 /లాగ్:ఈ:\లాగ్.టీఎక్స్‌టీ

ఇందులో /ఆర్:1, /డబ్ల్యూ:1 మర్చిపోతే కొంప మునిగినట్టే. అవి ఇవ్వకపోతే రోబోకాపీ చదవలేని ఒక్క ఫైలు కోసం 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. /ఎక్స్‌జే లేకపోతే యూజర్ ఫోల్డర్‌లోని 'అప్లికేషన్ డేటా' లాంటి జంక్షన్ల (ఇంకో ఫోల్డర్‌కు దారి చూపేవి) వెంట పడి ఒకే ఫోల్డర్‌ను లోపల్లోపల చుట్టేస్తుంది. లాగ్ ఇచ్చాం కాబట్టి తెర మీద ఏమీ కదలదు, ఆగిపోయిందని మూసేయకండి. ముగిశాక లాగ్ చివరి పట్టికలో 'ఫెయిల్డ్' గడి చూడండి.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మాత్రమే తీసుకుని సరిపెట్టుకునేవాళ్లు తర్వాత చింతిస్తారు. దాగి ఉండే యాప్‌డేటాతో సహా యూజర్ ఫోల్డర్ మొత్తం తీసుకోండి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని డేటాను సి డ్రైవ్ మొదట్లోనో, ప్రోగ్రామ్‌డేటాలోనో పెడతాయి, అవీ చూడండి. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో పేరు కనబడుతూ కాపీ కాని ఫైళ్లు క్లౌడ్‌లో మాత్రమే ఉన్నవి, వాటి కోసం ఇక్కడ కుస్తీ పట్టనక్కర్లేదు. కాపీ అయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి పది ఫైళ్లు తెరిచి చూడండి, అందులో ఒకటి పెద్ద వీడియో అయి ఉండాలి, దాన్ని చివరిదాకా జరిపి చూడాలి. ఫోటోల థంబ్‌నెయిల్స్ చూసి తృప్తిపడొద్దు. ఫైలు సగం పోయినా థంబ్‌నెయిల్ బాగానే కనబడుతుంది.

పార్టిషన్‌ను 'RAW' (విండోస్‌కు అర్థం కాని ఫైల్‌సిస్టమ్) అని చూపిస్తూ ఫార్మాట్ అడుగుతుంటే, ఆ డిస్క్ మీదో దాని ఇమేజ్ మీదో టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రామ్ నడిపితే చాలాసార్లు ఫోల్డర్లు పేర్లతో సహా కనబడతాయి. అదీ కాకపోతే ఫోటోరెక్, కానీ అది ఫైళ్లను పేర్లు లేకుండా వేలకొద్దీ తోడి పడేస్తుంది, ఏరుకోవడానికి రోజులు పడుతుంది. పొరపాటున క్విక్ ఫార్మాట్ చేసిన హార్డ్ డిస్క్ నుంచి ఈ దారిలో బాగానే వస్తాయి. ఫుల్ ఫార్మాట్ అయితే విస్టా నాటి నుంచి విండోస్ డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది, ఇక ఏమీ మిగలదు. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ (చెరిపిన చోట్లను డిస్కే ఖాళీ చేసుకోవడం) వల్ల క్విక్ ఫార్మాట్ తర్వాత కూడా ఆశ తక్కువే.

ఇప్పుడు విండోస్ సంగతి

ముందు తేలికవి. లోగో కనబడగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపడం వరసగా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది. నిన్న అప్‌డేట్ పడి ఇవాళ ఆగితే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లో క్వాలిటీ అప్‌డేట్ తీసేయండి. కొత్త డ్రైవర్ వేశాక ఆగితే సిస్టమ్ రిస్టోర్. అది మీ ఫైళ్ల జోలికి రాదు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి. స్టార్టప్ రిపేర్‌ను ఒకసారి నడవనివ్వండి, రెండోసారికి కుదరకపోతే పదోసారికీ కుదరదు.

బూట్ ఫైళ్లే చెడితే పాత సలహా బూట్‌రెక్ /ఫిక్స్‌బూట్. యూఈఎఫ్ఐ యంత్రాల్లో అది తరచుగా 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అంటుంది. దానితో పోట్లాడకుండా బూట్ ఫైళ్లను కొత్తగా రాయించడమే నయం. విండోస్ పెన్‌డ్రైవ్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి, లిస్ట్ వాల్యూమ్ కొట్టండి. ఫ్యాట్32 అని, 100 ఎంబీ లేదా 260 ఎంబీ సైజుతో ఉన్నది బూట్ ఫైళ్లు ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్. విండోస్ పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32 గానే కనబడుతుంది, సైజు చూసి వేరు చేయండి. సెలెక్ట్ వాల్యూమ్ అని దాని నంబర్, తర్వాత అసైన్ లెటర్=ఎస్, తర్వాత ఎగ్జిట్. విండోస్ ఉన్నది సి అయితే:

బీసీడీబూట్ సి:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ

బూట్ ఫైళ్లు తయారయ్యాయని ఒక్క లైన్ వస్తుంది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయడమే. అప్‌డేట్ సగంలో ఇరుక్కుని లేవని విండోస్‌కు మాత్రం డిస్మ్ /ఇమేజ్:సి:\ /క్లీనప్-ఇమేజ్ /రివర్ట్‌పెండింగ్‌యాక్షన్స్ పనికొస్తుంది. రిజిస్ట్రీని (విండోస్ సెట్టింగుల ఖాతాను) రెగ్‌బ్యాక్ ఫోల్డర్ నుంచి తెచ్చుకోమనే పాత చిట్కా విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి చెల్లదు. అక్కడి ఫైళ్లు 0 కేబీ ఉంటాయి, వాటిని అసలు వాటి మీద కాపీ చేస్తే ఉన్నదీ పోతుంది. ఛెక్‌డిస్క్ /ఎఫ్ ఇప్పుడు నడపొచ్చు, అదీ స్మార్ట్ బాగున్న డిస్క్ మీదే. 197 చూపించిన డిస్క్‌ను బాగుచేయాలని చూడకండి, మార్చేయండి.

ఏదీ కుదరకపోతే కొత్తగా ఎక్కించడమే. ఇన్‌స్టలేషన్‌లో పార్టిషన్ డిలీట్ చేయకుండా, ఫార్మాట్ చేయకుండా పాత దాని మీదే వేస్తే, పాతవన్నీ విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. దాన్ని శాశ్వతం అనుకోవద్దు, విండోస్ తర్వాత దానంతట అదే ఊడ్చేస్తుంది. డిస్క్ లిస్టే ఖాళీగా కనబడితే ఆ వీఎండీ గొడవే, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని 'లోడ్ డ్రైవర్' నొక్కితే కనబడుతుంది.

కొత్త విండోస్‌లో పాత యూజర్ ఫోల్డర్ తెరిస్తే అనుమతి లేదంటుంది. కంటిన్యూ నొక్కి ఆగండి, ఫైళ్లు లక్షల్లో ఉంటే చాలాసేపు పడుతుంది. క్రోమ్ ఫోల్డర్ నుంచి బుక్‌మార్క్స్ అనే ఫైలు కాపీ చేస్తే పనిచేస్తుంది, సేవ్ చేసిన పాస్‌వర్డులు మాత్రం రావు. అవి పాత విండోస్ యూజర్‌కు ముడిపెట్టి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, గూగుల్ అకౌంట్‌తో సింక్ చేసి ఉంటేనే తిరిగి కనబడతాయి. ఫైలు ఐకాన్ మీద చిన్న తాళం గుర్తు ఉండి తెరుచుకోకపోతే అది ఈఎఫ్ఎస్ (ఫైలు ఫైలుకూ విడిగా తాళం వేసే) ఎన్‌క్రిప్షన్, బిట్‌లాకర్ కీ దానికి పనికిరాదు. సర్టిఫికెట్ ఎగుమతి చేసి దాచుకోకపోతే, పాత విండోస్‌నే ఎలాగో లేపి, అదే యూజర్‌గా లాగిన్ అయి ఎన్‌క్రిప్షన్ తీయడం తేలికైన దారి. అలాంటి ఫైళ్లు ఉన్నాయని అనుమానం ఉంటే కొత్త విండోస్‌ను కొత్త డిస్క్ మీదే వేసుకుని, పాత డిస్క్‌ను తాకకుండా పక్కన పెట్టండి.